పేరు గేటుమీద ఉంటే చాలదు
(కోఠి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ కోఠి అంటే ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ. ఆ తెల్లదొర మేడలో తర్వాత ఆడపిల్లల కాలేజీ నడిచింది. 1924లో మొదలైన ఆ కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిండ్రు. భూమికోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన తల్లి ఆమె. సంతోషమే. కాని ఐలమ్మ బిడ్డలెందరు ఆ గేటులోంచి పట్టాతో బయటికొస్తరు? అదీ మా ప్రశ్న.

2035కల్లా నూటికి యాభైమందికి పైచదువు అంటున్నది 2020 జాతీయ విద్యావిధానం. మంచిదే. ఏడాది చదివి మానితే సర్టిఫికెట్, రెండేళ్లకు మానితే డిప్లొమా అని కూడా అదే అంటున్నది. నడుమ మానేదెవరు? ఫీజు కట్టలేని కూలోళ్ల పిల్లలే. దొరబిడ్డ మానడు. నిన్నటిదాక ‘డ్రాపవుట్’ అన్నదాన్నే రేపు ‘డిప్లొమా’ అంటరు.

సర్కారు కోసం కూచోకుండా భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇక్కడికి కూతవేటు దూరాన, ఇసామియా బజారులో, అంటరాని పిల్లలకు బడి తెరిచిండు. మనమూ వాడకొక రాత్రిబడి పెడదాం. కోఠి ఫుట్‌పాత్‌మీది పాత పుస్తకాలతో వాడకొక అల్మారా నింపుదాం. చదువు మానినోళ్ల పేర్లు రాసుకొని, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేర్పిద్దాం. ఊరంతా చదువుకునే సమాజం ఇట్లనే మొదలైతది.

అయితే రాత్రిబడి సర్కారు బాధ్యతకు బదులు కాదు. ఫీజు బకాయిలు, హాస్టళ్లు, ఖాళీ పోస్టులు, వీటి లెక్క అడుగుదాం. మనమడిగేది భిక్ష కాదు, వాటా!