చెత్త ఎవరి వాకిట్లో?

(కరణ్‌కోటలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అణువిద్యుత్తు గురించి కరణ్‌కోటలో ఏం మాట్లాడతావని ఒక మిత్రురాలు నన్నడిగింది. అది సైంటిస్టుల, మంత్రుల వ్యవహారం కదా అన్నది. భూమిని తవ్వితే ఏమవుతుందో ఈ ఊరి ఆడవాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు? నాపరాయి లారీలెక్కి పట్నం పోతుంది. గుంతలు, పనికిరాని రాళ్ల కుప్పలు, పాలిషింగ్ మిషన్ల తెల్లటి బురద ఇక్కడే మిగులుతాయి. బండ అమ్ముకునేది ఒకరు, దుమ్ము ఊడ్చుకునేది మరొకరు.

మన నాపరాయి పొరలను భూగర్భ శాస్త్రజ్ఞులు భీమా బేసిన్ అంటారు. అవి కర్ణాటకలోకి సాగిపోతాయి. అదే బేసిన్‌లో, యాద్గిర్ జిల్లా గోగి దగ్గర యురేనియం దొరికింది. గని తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ ప్రతిపాదించింది. కరణ్‌కోట కింద యురేనియం ఉందని నేను చెప్పడం లేదు. ఈ చర్చ మన గడపకు దూరంగా లేదని మాత్రమే చెబుతున్నాను.

అణువిద్యుత్తు కావాలనేవారి వాదన కూడా వినాలి. బొగ్గు పొగ, బూడిద ఎలాంటివో మనకు తెలుసు. ఎండలు ఏటేటా ముదురుతున్నాయి. రియాక్టరు పొగ వదలదు. నిజమే. దేశపు కరెంటులో దాని వాటా ఇప్పుడు 3 శాతం దరిదాపులే. 2047 నాటికి లక్ష మెగావాట్లకు పెంచుతామని 2025 కేంద్ర బడ్జెట్లో ప్రకటించారు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు పెద్ద రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది.

మరి చెత్త సంగతి? అది రియాక్టరు దగ్గర కాదు, గని దగ్గరే మొదలవుతుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో టన్ను రాయి తవ్వితే అరకిలో యురేనియం కూడా రాదు. మిగిలినదంతా పిండిచేసిన బురద. యురేనియం తీసేసినా, ఆ రాతిలోని రేడియోధార్మికతలో ఎక్కువ భాగం బురదలోనే ఉండిపోతుంది. దాన్ని చెరువులాంటి గుంటలో నింపుతారు. బోరునీళ్లు పాడయ్యాయని, అరటితోటలు ఎండాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. దానికి కారణం తాము కాదని కంపెనీ అంటున్నది.

ఇక రియాక్టరులో వాడేసిన ఇంధనం. అందులోని ప్లుటోనియం సగానికి తగ్గడానికే 24,000 ఏళ్లు పడుతుంది. మన దేశంలో ఆ ఇంధనాన్ని శుద్ధిచేసి ప్లుటోనియం వేరుచేస్తారు. మిగిలిన తీవ్రమైన వ్యర్థాన్ని గాజులో కలిపి, స్టీలు డబ్బాల్లో భద్రపరుస్తున్నారు. శాశ్వతంగా దాచే చోటు ఇంకా కట్టలేదు. ఫిన్లాండు మాత్రం 400 మీటర్లకు పైగా లోతున రాతిలో సొరంగం తొలిచింది. మనవాళ్లు కడితే ఎక్కడ కడతారు? ఏ ఊరిని అడిగి కడతారు?

అడగడమే అసలు ప్రశ్న. 2003 ఆగస్టులో నల్లగొండ జిల్లా పెద్దగట్టు గని మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జనం ఎదురుతిరిగారు. నేటికీ అక్కడ గని రాలేదు. నల్లమలలో ఆందోళన తర్వాత 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. జనం నోరు విప్పితే ఇంత జరిగింది.

ఇప్పుడు ఆ నోటికే తాళం పడుతున్నది. అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. దేశ రక్షణ అవసరం అన్నారు. దేశమంటే మనం కాదా?

ఇందులో ఆడవాళ్ల నష్టం రెండింతలు. పట్టా మన పేరున ఉండదు కనుక పరిహారం మన చేతికి రాదు. బోరు పాడైతే దూరం నుంచి నీళ్లు మోసేది మనం. బిడ్డకు ఒళ్లు బాగాలేకపోతే కూలి మానుకుని ఆసుపత్రికి తిరిగేది మనం.

అణువిద్యుత్తు కావాలా వద్దా అన్నదాని మీద మనలో మనకే భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ఉండనివ్వండి, వాదించుకుందాం. కానీ తవ్వే ముందు మమ్మల్ని అడగాలి, నీళ్ల పరీక్షల ఫలితాలు తెలుగులో పంచాయతీ గోడమీద పెట్టాలి, చెత్తకు చోటు చూపించాకే కొత్తది కట్టాలి అన్న మూడింటి మీద మనం ఒక్కటిగా నిలబడగలం. అడవి భూమి అయితే గ్రామసభ మాటకు 2006 అటవీ హక్కుల చట్టం బలం ఇంకా ఉంది.

అందుకే వచ్చే గ్రామసభకు వెళ్దాం. వెనక గోడకు ఆనుకుని కాదు, ముందు వరసలో కూర్చుందాం. మొదట మన రాళ్ల గుంతల గురించి, మన బోరునీళ్ల గురించి అడుగుదాం. సొంత ఊరి దుమ్ము గురించి అడగడం అలవాటైతే, రేపు ఎంత పెద్ద కంపెనీ వచ్చినా అడగగలం.