వెనక వరుసలోని వాళ్లు మాట్లాడాలి



మన విజ్ఞాన సదస్సుల్లో పత్రం చదవడం అయిపోగానే చప్పట్లు, శాలువా, 'చాలా బాగుంది సార్' అన్న మాట. లెక్కలో తప్పు కళ్లబడినా పరిశోధక విద్యార్థి గైడుగారి ముఖం చూసి ఊరుకుంటాడు. దాన్ని మర్యాద అనుకుంటున్నాం. ఆ తప్పుతోనే పత్రం అచ్చవుతుంది, దాన్ని నమ్మి ఇంకొకరు పని మొదలుపెడతారు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్ అమెరికా అణుబాంబు తయారుచేస్తున్న లాస్ అలమాస్‌కు వచ్చినప్పుడు అక్కడి హేమాహేమీలకు కూడా ఆయన దేవుడితో సమానం. తర్వాత పెద్ద భౌతికశాస్త్రవేత్త అయిన రిచర్డ్ ఫైన్‌మన్ అప్పటికి వెనక ఎక్కడో కూర్చునే పాతికేళ్ల కుర్రాడు. రెండోసారి వచ్చినప్పుడు బోర్, పెద్దల సమావేశానికి ముందే ఆ కుర్రాణ్ణి పిలిపించాడు. ఆయన ఒక ఆలోచన చెప్పడం, ఇది కుదరదని ఇతను అడ్డం తిరగడం, ఇలా రెండు గంటలు నడిచింది. ఆ తర్వాతే పెద్దల్ని పిలవమన్నాడు. తనకు భయపడనివాడు ఇతనొక్కడేనని బోర్ కనిపెట్టాడట. ఆ సంగతి ఆయన కొడుకే ఫైన్‌మన్‌కు చెప్పాడు. ఇందులో కుర్రాడి ధైర్యం కన్నా, కాదనేవాణ్ణి వెతికి పట్టుకున్న బోర్ పెద్దరికమే నాకు గొప్పగా తోస్తుంది.

ఎందుకంటే ధైర్యం ఒక్కటే సరిపోదు. 1986 జనవరి 27 రాత్రి, ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రయోగానికి ముందురోజు, ఫ్లోరిడాలో చలి ముదురుతోంది. దాని బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయోకాల్ సంస్థ ఇంజనీర్లు రోజర్ బోజొలీ, ఆర్నాల్డ్ థాంప్సన్ వద్దంటే వద్దన్నారు. చలికి రబ్బరు ఓ-రింగు బిగుసుకుపోతుంది, అతుకులో ఖాళీని వెంటనే పూడ్చలేదు, వేడి వాయువు బయటికి తన్నుకొస్తుంది అన్నది వాళ్ల భయం. ఏడాది కిందట దాదాపు 12 డిగ్రీల సెల్సియస్ చలిలో ఎగిరిన బూస్టర్ అతుకులో పేరుకున్న నల్లటి మసి ఫొటోలు బల్లమీద పెట్టి మరీ చూపించారు. నాసా అధికారులు విసుక్కున్నారు. సంస్థ పెద్దలు తమ ఇంజనీరింగ్ అధిపతితో, ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నారు. నలుగురు మేనేజర్లు కలిసి నిర్ణయం మార్చేశారు. ఇంజనీర్లను మళ్లీ అడగలేదు. మర్నాడు ప్రయోగమైన 73 సెకన్లకు నౌక ముక్కలై ఏడుగురు పోయారు. దర్యాప్తు సంఘంలో కూర్చుని, ఓ-రింగు ముక్కను ఐసునీళ్లలో ముంచి లోపం బయటపెట్టింది ఆ ఫైన్‌మనే.

మేధోమథనంలో తప్పులెన్నకండి, తోచిందల్లా చెప్పండి అంటారు. ఆలోచనలు పుట్టేటప్పుడు అది మంచి నియమమే. కానీ పుట్టినవాటిని ఎవరో ఒకరు నిర్దాక్షిణ్యంగా పరీక్షించాలి, అది కూడా లోహం కరిగించక ముందే, పత్రం అచ్చుకు పంపక ముందే. మనిషిని కించపరచనక్కర్లేదు; సమీకరణాన్ని మాత్రం వదిలిపెట్టకూడదు.

అందుకే ఈ సదస్సు అధ్యక్షుడిగా ఒక ఏర్పాటు చేశాను. ప్రతి పత్రానికీ చదవడానికి ఎంత సమయమో ప్రశ్నలకూ అంతే. మొదటి ప్రశ్న వెనక వరుసల్లోని విద్యార్థులది. జవాబు పత్రం రాసినవారే చెప్పాలి, గైడ్లు కల్పించుకోకూడదు. మొదటి పత్రం నాదే. కాపీలు పొద్దున్నే పంచాం. మూడో పేజీలోని అంచనాలతో మొదలుపెట్టండి.