తండ్రి చెప్పులు తొడిగించాడు

(బహదూర్‌పురా బస్తీ కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మాట్లాడుకునేది దేవుడి తండ్రితనం గురించి, ఆ తండ్రి ఓర్పు గురించి. ఇది పాస్టరుగారు చెప్పే మాట గదా, ఉద్యమం వాళ్ళకేం పని అని కొందరు అడిగారు. పని ఉంది. ఈ దేశంలో మనకు చెప్పినంతగా ఓర్పు గురించి ఇంకెవరికీ చెప్పలేదు. దొర చెప్పాడు, పటేల్ చెప్పాడు. చర్చిలో కూడా చెప్పారు: ఇక్కడ ఓర్చుకోండి, అక్కడ దొరుకుతుందని. బహదూర్‌పురాలో ఉంటున్నోళ్ళం గనక "సబర్ కరో" అనే మాట కూడా రోజూ వింటాం. పక్కింటి ముస్లిం సోదరులు దేవుణ్ణి తండ్రీ అని పిలవరు. కానీ వాళ్ళు చెప్పుకునే 99 నామాల్లో ఒకటి అస్సబూర్, అంటే ఓర్పు గలవాడు. చూడండి, అక్కడ ఓర్పు దేవుడి గుణం. మన వాడకొచ్చేసరికి అది కూలోడి గుణం ఎట్లయింది?

లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కొడుకు కథ అందరికీ తెలిసిందే. ఆస్తి పంచుకొని పోయి, తగలేసి, పందులు మేపి, ఆకలికి తట్టుకోలేక తిరిగొస్తాడు. కొడుకు పాపం మీద ప్రసంగాలు చాలా విన్నాం. మేము తండ్రిని చూడమంటున్నాం. ఆ కొడుకు దారి పొడుగునా ఏమనుకుంటూ వచ్చాడు? కొడుకుగా వద్దు, జీతగాడిగా పెట్టుకో అని అడుగుదామనుకున్నాడు. తండ్రి ఆ మాట నోట్లోంచి రానియ్యలేదు. దూరాన్నుంచే చూసి పరుగెత్తుకుంటూ పోయి మెడ మీద పడ్డాడు. మంచి బట్ట కట్టమన్నాడు, వేలికి ఉంగరం పెట్టమన్నాడు, కాళ్ళకు చెప్పులు తొడగమన్నాడు.

ఉంగరం సంగతి పెద్దోళ్ళకు వదిలేద్దాం. చెప్పుల దగ్గర ఆగుదాం.

మన తాతలు లందలో తోలు నానేసి, ఆరె పట్టి కుట్టి, ఊరందరి కాళ్ళకు చెప్పులిచ్చినోళ్ళు. అదే చెప్పులు తొడుక్కొని దొరల వాడలోంచి పోయే వీలు లేదు. విప్పి చేత పట్టుకోవాలి. పక్కన కొడుకు నడుస్తున్నా విప్పాలి. కొడుకు కళ్ళముందు తండ్రిని తండ్రిగా నిలబడనియ్యకపోవడం, కులం చేసిన పనుల్లో ఇది చిన్నది కాదు. అప్పు తీరక కొడుకును దొర గడీలో జీతానికి పెట్టిన తండ్రులున్నారు. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చినంక కూడా పెట్టారు. వాళ్ళకు ప్రేమ లేకనా? ప్రేమ ఉంది, చేతిలో ఏమీ లేదు. దాన్ని ఓర్పు అని పిలవడం మాకు ఇష్టం లేదు. అది భయం. ఏసు చెప్పిన తండ్రి ఓర్పు వేరే. అది కొడుకు కోసం ఎదురుచూసే ఓర్పు, కొడుకు కనపడగానే పరుగెత్తే ఓర్పు.

ఇక ఇంట్లో మాట. బయట అణిగి ఉన్న తండ్రి ఇంటికొచ్చి తాగి పిల్లల్ని కొడితే ఆ పిల్లలకు పరలోకపు తండ్రి ఎట్లా కనపడతాడు? దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించింది ఈ బాధతోనే. ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయంలో పిల్లలు తల్లిదండ్రులకు లోబడాలని ఉంది, నిజమే. తండ్రులు పిల్లలకు కోపం రేపొద్దని ఆ కిందనే ఉంది. మొదటి మాట చదివి పుస్తకం మూసేసే పెద్దలు మనలో చాలామంది ఉన్నారు.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో తండ్రి ముందు "నా" అని లేదు, "మా" అని ఉంది. ఒక తండ్రి పిల్లలకు రెండు శ్మశానాలు ఎందుకు? చర్చిల్లో మనోళ్ళే ఎక్కువ, పెత్తనం మాత్రం చాలాకాలం వేరేవాళ్ళది. మారంపూడి జోజి 2000లో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ అయితే, దేశంలో దళితుల నుంచి ఆయనే మొదటివారు. అదే పీఠం నుంచి పూల ఆంథోని 2022లో కార్డినల్ అయ్యారు. దళితుల్లో మొదటి కార్డినల్ కోసం అన్ని వందల ఏళ్ళు ఎవరు ఓర్చుకున్నారు? సంతోషమే, కానీ లెక్క అడగాలి.

సర్కారు సంగతి ఇంకా ఘోరం. మద్రాసులో సూసై అనే ఆయన రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవాడు, క్రైస్తవుడు. షెడ్యూల్డ్ కులాల చర్మకారులకు సర్కారు ఉచితంగా బంకులు ఇచ్చింది, ఆయనకు ఇవ్వలేదు. సుప్రీంకోర్టుకు పోయాడు. మతం మారినా కులం ఉండొచ్చు, కానీ ఆ మతంలో కూడా అణచివేత అంతే తీవ్రంగా ఉందని రుజువు చూపాలి అని 1985లో కేసు కొట్టేశారు. పక్కపక్కన కూర్చొని అదే ఆరె పట్టిన ఇద్దరిలో ఒకరికి నీడ, ఒకరికి ఎండ!

దీనికి మూలం 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. హిందువులకే అన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. మన దగ్గర క్రైస్తవంలోకి పోయిన మాల మాదిగలకు బీసీ-సి కింద 1 శాతం. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతంతో ముడి తీసెయ్యమని చెప్పింది. 2022లో మళ్ళీ బాలకృష్ణన్ కమిషన్ వేశారు, రెండేళ్ళ గడువిచ్చి దాన్నీ పొడిగించారు. ఇక్కడ కూడా సబర్ కరో!

ఇదంతా చివరికి తండ్రి మీదికే వస్తుంది. బడిలో ఫారం ముందు పెడతారు. తండ్రి పేరు, కులం, మతం. పైనున్న తండ్రి పేరు రాస్తే కన్నబిడ్డ వాటా పోతుంది. బిడ్డ వాటా రాస్తే పైనున్న తండ్రిని దాచాలి. ఏ తండ్రినీ ఇట్లా నిలబెట్టే హక్కు ఏ సర్కారుకూ లేదు. అబద్ధం రాయమని మేము చెప్పం. తెలియక సంతకం పెట్టి పోగొట్టుకోవద్దని మాత్రం చెప్తున్నాం. జూన్‌లో బడులు తెరుస్తారు. అంతకుముందు రెండు శనివారాలు సాయంత్రం మన పిల్లలు ఇక్కడే కూర్చుంటారు. పాత కుల సర్టిఫికెట్లు, టీసీలు, రేషన్ కార్డు తెచ్చుకోండి. తండ్రులే రావాలని లేదు, తల్లులూ రండి.