తడబడే నాలుకకు రెండు పుణ్యాలు



ఖుర్ఆన్‌ను ధారాళంగా పఠించే నిపుణుడు గౌరవనీయులైన దైవదూతల సరసన ఉంటాడనీ, తడబడుతూ కష్టపడి పఠించేవానికి రెండు పుణ్యాలు లభిస్తాయనీ దైవప్రవక్త (స) తెలిపినట్లు హజ్రత్ ఆయిషా (ర) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. ఒక పుణ్యం పఠనానికి, రెండవది పడిన శ్రమకు అని విద్వాంసులు వివరించారు.

మరి మన మక్తబ్‌లో తడబడిన పిల్లవానికి దక్కుతున్నదేమిటి? బెత్తం, తోటివారి నవ్వు. ఇంటికి వెళితే పక్కింటి అబ్బాయి మార్కులతో పోలిక. కొంతకాలానికి ఆ పిల్లవాడు బడి మాని మెకానిక్ షెడ్డులో చేరతాడు. వాడికి చదువు అబ్బలేదని తీర్పు చెప్పేదీ మనమే! ఒక్కరే అంతమందికి పాఠం చెప్పే ఉస్తాదుల ఇబ్బంది మనకు తెలియనిది కాదు. కానీ మంచి మాటకు బెత్తం కన్నా ఎక్కువ సమయం పట్టదు కదా.

యువకుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (ర) మంచి మనిషి అనీ, రాత్రివేళ నమాజు కూడా చేస్తే బాగుండుననీ దైవప్రవక్త (స) ఆయన సోదరి హఫ్సా (ర)తో అన్నారు. ముందు ప్రశంస, ఆ వెనుకనే కొరత. అదీ నలుగురిలో సిగ్గుపరచకుండా. అటుపిమ్మట ఆయన రాత్రివేళ కొద్దిసేపే నిద్రించేవారని కుమారుడు సాలిమ్ తెలిపారు.

మన మస్జిద్‌లో ఏటా హిఫ్జ్ పూర్తిచేసినవారికే బహుమతులిస్తున్నాము. నిరుడు అలిఫ్, బే దగ్గరే ఆగి, ఈ ఏడు అమ్మ పారాకు చేరిన పిల్లవానిని కూడా ఈసారి వేదికపైకి పిలవవలసిందిగా కమిటీ పెద్దలను కోరుతున్నాము.