కొత్త ఉపాధ్యాయులకు ఒక నోటుబుక్కు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



2025 డి.ఎస్సీ.లో ఎంపికై మన బడులకు వచ్చిన కొత్త ఉపాధ్యాయులకు నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు మమ్మల్ని కోరారు. మా దగ్గరున్నది ఒక్క మాటే. ఈ రోజే ఒక వంద పేజీల నోటుబుక్కు కొనండి. సాయంత్రం గంట కొట్టాక, ఆ రోజు తరగతిలో ఏం జరిగిందో అయిదు వాక్యాలు రాసుకోండి.

“పాఠ్య పథకం రాస్తూనే ఉన్నాం కదా సార్, మళ్ళీ ఇదెందుకు?” అంటారేమో. పథకంలో జరగవలసినది ఉంటుంది. జరిగినది అందులో ఉండదు.

మా సంగతే చెప్తాము. నంద్యాలలో ఉద్యోగంలో చేరిన తొలి ఏడు. తెలుగులో కలం అంటామే, ఆ మాటను ఉర్దూలో బడా ఖాఫ్‌తో రాయాలి. మూడవ తరగతి పిల్లవాడొకడు ఇమ్లాలో దాన్ని ‘ఖే’తో రాశాడు. నెత్తిన ఒకటి మొట్టి వందసార్లు రాయించాము. మరుసటి వారం మళ్ళీ అదే తప్పు, మళ్ళీ అదే శిక్ష. దసరా సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు. మెకానిక్ షెడ్డులో చేరాడని తోటి పిల్లలు చెప్పారు. రిజిస్టరులో గైర్హాజరు వేసి ఊరుకున్నాము.

కొన్నేళ్ళకు ఆళ్ళగడ్డకు బదిలీ అయింది. కాపురం నంద్యాలలోనే. రోజూ సాయంత్రం బస్సులో సుమారు 40 కిలోమీటర్లు. ఊరికే కూర్చోలేక నోటుబుక్కు మొదలుపెట్టాము. మూడు నెలలకు తిరగేస్తే ఒక సంగతి కనబడింది. ఇమ్లా తప్పుల్లో చాలా భాగం ఆ ఒక్క అక్షరం దగ్గరే! అదీ ఒక్కరు కాదు, తరగతిలో సగంమంది. ఎందుకని? మన దక్కనీలో బడా ఖాఫ్‌ను ‘ఖే’ లాగే పలుకుతాము. పిల్లలు ఇంట్లో విన్నదే రాస్తున్నారు. అది బద్ధకం కాదు, అమ్మ దగ్గర నేర్చిన పలుకు. మర్నాటి నుంచి ఆ మాటలను నల్లబల్లపై రెండు వరుసలుగా రాసి, “ఇంట్లో ఇలా అంటాం, పుస్తకంలో ఇలా రాస్తాం” అని చెప్పసాగాము. తప్పులు తగ్గాయి. కాని ఆ రాత్రి నంద్యాల పిల్లవాడు గుర్తొచ్చి మాకు నిద్ర పట్టలేదు.

భావనగర్‌లో 1920లో బాలమందిరం ప్రారంభించిన గిజుభాయి బధేకా పేరు మీరు శిక్షణలో వినే ఉంటారు. ఆయన ‘దివాస్వప్న’లో కల్పిత ఉపాధ్యాయుడొకడు నాలుగవ తరగతితో గడిపిన సంవత్సరం కథ చెప్తాడు. మొదటి రోజు తరగతి తన మాట వినలేదని కూడా దాచడు. మీరూ అలాగే, కుదరనిదాన్ని ముందు రాయండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. నోటుబుక్కు ఇతరులకు చూపేటట్లయితే పిల్లల పేర్లు రాయవద్దు. నెలకొకసారి నలుగురు కూర్చుని ఒకరిది ఒకరు చదువుకోండి. మీ తరగతిలో చిక్కుముడికి పక్క బడి టీచరమ్మ దగ్గర జవాబు ఉండవచ్చు.

ఆ పిల్లవాడికి ఇప్పుడు ముప్పై ఏళ్ళు దగ్గర పడి ఉంటాయి. బజారులో ఎదురైనా గుర్తుపట్టలేము. వాడి గురించి మా దగ్గర ఒక్క వాక్యమైనా లేదు. మీకు ఆ బాధ వద్దు. ఇన్షా అల్లాహ్, వచ్చే ఏటి సభకు నోటుబుక్కులతో రండి, మేమూ తెస్తాము.

ఖుదా హాఫిజ్.