సాంకేతిక గ్రంథములు - నేటి పాఠకులు



9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్క, కొలత, వడ్డీ నేర్వగోరువారికి అట్టి గ్రంథము గురువువంటిది. ఒక పనిని క్రమముగా నేర్పునదే సాంకేతిక గ్రంథము.

అట్టి గ్రంథములకు నేడు ఆదరణ తగ్గుచున్నది. 2008లో స్టాక్ ఓవర్‌ఫ్లో అను ప్రశ్నోత్తర వేదిక అంతర్జాలమున వెలసినది. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు చిక్కు కలిగినపుడు పుటలు త్రిప్పుట మాని, అందు సమాధానము వెదకుకొనసాగిరి. 1768లో ఆరంభమైన బ్రిటానికా విజ్ఞానసర్వస్వము తన ముద్రణను నిలుపుచున్నట్లు 2012లో ప్రకటించినది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన పిదప వెదకెడి శ్రమయు తగ్గినది. గ్రంథమును వెనుకకు నెట్టిన ఆ ప్రశ్నోత్తర వేదికలోనే ఇపుడు అడుగువారు తగ్గిపోయిరి.

ఇందు న్యాయము లేకపోలేదు. ఒక యంత్రముయొక్క ఒక్క రూపమునకై వ్రాసిన పుస్తకము, ఆ రూపము మారగనే పాతబడును. అట్టిదానిని వందల రూపాయలు వెచ్చించి కొనుమని పేదవిద్యార్థికి చెప్పుట ధర్మము కాదు. ఆ పనిని చేతిలోని ఫోను త్వరగా చేయుచున్నది.

అయినను గ్రంథములందు రెండు తెగలు గలవు. ఏ మీట నొక్కవలయునో చెప్పునది ఒకటి. ఆ పని ఏల అట్లు జరుగునో బోధించునది మరియొకటి. కెర్నిగన్, రిచీలు సీ భాషనుగూర్చి 1978లో వెలువరించిన చిన్నగ్రంథము 1988లో రెండవ కూర్పు పొంది, నేటికిని చదువబడుచున్నది. ప్రోగ్రామింగు కళపై డోనాల్డ్ నూత్ వ్రాయుచున్న గ్రంథము 1968లో మొదలయ్యెను. 2022లో సైతము అందొక క్రొత్త సంపుటము వచ్చినది. మూలమును బోధించుటచేతనే ఇవి నిలిచినవి.

మన పొలములనే చూడుడు. అడంగలు నేడు తెరపై క్షణములో కనబడును. అందు తప్పున్నచో పట్టుకొనుటకు మాత్రము కొలత తెలిసియుండవలయును. ఎకరమునకు 100 సెంట్లు, సెంటునకు 48.4 చదరపు గజములు. 60 గజముల పొడవు, 40 గజముల వెడల్పు గల చెక్క 49½ సెంట్లకు కొంచెము పైబడియుండును. తెర 94 సెంట్లని చూపినయెడల, లెక్క తెలిసినవాడు ఆగి అడుగును. తెలియనివాడు నమ్మి సొమ్ము చెల్లించును. యంత్రము చెప్పు ప్రతి ఉత్తరమునకును ఇదియే న్యాయము.

కావున గ్రంథాలయము రెండింటిని సమకూర్పవలయును. నిత్యము మారు విషయములకు అంతర్జాలముగల కంప్యూటరు నుంచవలయును. గణితము, విద్యుత్తు, భూమికొలత, వ్యవసాయము, ప్రోగ్రామింగు మున్నగువాని మూలసూత్రములను బోధించు మంచి గ్రంథములను బీరువాలో నిలుపవలయును. పాతబడిన పుస్తకములను తీసివైచుటకు సంకోచింపనక్కరలేదు. మూలగ్రంథములను మాత్రము పోగొట్టుకొనరాదు. ఫోనులో ఉత్తరము దొరకిన బాలుడు, అది నిజమా యని సరిచూచుకొనుటకు ఈ గుమ్మము త్రొక్కినచో, ఈ రజతోత్సవము సార్థకము కాగలదు.