మంచుబాట లేకున్నను
(నక్కపల్లి యువజనుల సభలో చేసిన ప్రసంగము)



మన నక్కపల్లి ప్రాంతమున మంచుగడ్డ కట్టిన నేలను చూచినవారు లేరు. అయినను నేడు మీకు మంచుపై జరుగు ఒక పందెమును గూర్చి చెప్పదలచినాను. అది మనకేల యని మీరు అడుగవచ్చును. తాటిమట్టపై కూర్చుండి, తోటివారు లాగుచుండగా ఇసుకలో జారుచు పోవుట మన పిల్లలందరెరిగిన ఆటయే కదా! ఆ ఆటకు పెద్దన్న వంటిది ఈ పందెము.

దీని పేరు ల్యూజ్. కొండవాలున అనేకమైన మలుపులతో, ఒక కిలోమీటరుకు పైగా పొడవున మంచుబాట నిర్మింతురు. ఆటగాడు చిన్న బండిపై వెల్లకిల పరుండి, కాళ్లు ముందునకు చాచి, ఆ బాటలో క్రిందికి జారవలెను. బండికి పగ్గము లేదు; బ్రేకు లేదు. పిక్కలతో నొక్కియు, భుజములను కదలించియు బండిని మలుపు త్రిప్పవలెను. వేగము గంటకు 130 కిలోమీటర్లు దాటుచుండును. గెలుపోటములను సెకనులో వెయ్యవ వంతు వరకు లెక్కింతురు. 1964లో ఇన్స్‌బ్రుక్ నగరమున జరిగిన శీతకాల ఒలింపిక్ క్రీడలలో ఈ పందెము మొదటిసారిగా చేర్చబడినది.

ఈ పందెమున మన దేశమునకు పేరు తెచ్చినవాడు శివ కేశవన్. ఆయన హిమాచల ప్రదేశ్‌లోని మనాలి ప్రాంతమున పెరిగినవాడు. తండ్రి కేరళీయుడు, తల్లి ఇటలీ దేశీయురాలు. 1998లో జపానులోని నగానో క్రీడలలో పాల్గొనునాటికి ఆయన వయస్సు 16 సంవత్సరములే. ఒలింపిక్ ల్యూజ్ పందెమున దిగిన మొదటి భారతీయుడు ఆయనయే. అది మొదలు 2018 వరకు ఆరు ఒలింపిక్ క్రీడలలో వరుసగా పాల్గొనెను.

మరి మన దేశమున ఒలింపిక్ స్థాయి మంచుబాట లేదే, సాధన ఎట్లు జరిగినది? బండికి చక్రములు బిగించి, హిమాలయ ప్రాంతపు తారురోడ్లపై జారుచు ఆయన అభ్యసించెను. ధనము చాలనప్పుడు దాతలను అర్థించెను. 2014లో సోచి క్రీడల వేళ భారత ఒలింపిక్ సంఘము సస్పెన్షనులో నుండుటచే, స్వదేశ పతాకము క్రింద గాక ఒలింపిక్ పతాకము క్రింద పందెమాడవలసి వచ్చెను. అచటనే అభ్యాసమున బండినుండి జారిపడియు, దానిని విడువక మరల పైకెక్కి పరుగు ముగించెను.

ఇంత చేసియు ఆయనకు ఒలింపిక్ పతకము రాలేదు. 2006లో పొందిన 25వ స్థానమే అచట ఆయన పొందిన ఉత్తమ స్థానము. ఆసియా పోటీలలో మాత్రము స్వర్ణ పతకములు గెలిచెను. 2020 సంవత్సరపు అర్జున పురస్కారము ఆయనను వరించెను.

"ఆటలు కూడు పెట్టునా?" అని తల్లిదండ్రులు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆటగాళ్లందరికి పతకములు రావు, ఉద్యోగములును రావు. కాని ఉన్న సాధనముతోనే పని ఆరంభించుట, పడినచోటనే లేచుట అను గుణములు అలవడిన బిడ్డ పొలమునందైనను, కార్యాలయమునందైనను వెనుకబడడు. మన పొరుగున శ్రీకాకుళము జిల్లానుండి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో బరువులెత్తి కాంస్య పతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. ఆమెయు చిన్ననాట మనవంటి ఊరి బిడ్డయే కదా!

యువకులారా, మీకును ఒక మాట. ధైర్యము వేరు, దుడుకుతనము వేరు. 2010లో వాంకూవర్ క్రీడల ప్రారంభదినముననే జార్జియా దేశపు యువకుడొకడు ల్యూజ్ అభ్యాసములో ప్రాణము కోల్పోయెను. ఎంతో శిక్షణ పొందినవానికే అట్లైనప్పుడు, మన ఊరిమీదుగా పోవు జాతీయ రహదారిపై మోటారు సైకిళ్లతో పందెములాడుట సాహసమనిపించుకొనదు. అది కన్నవారికి కడుపుకోత తెచ్చు పని.

పెద్దలారా, కేశవన్ తారురోడ్డు నెక్కినది మంచుబాట లేకపోవుటచేతనే. మన బిడ్డలు ఆటస్థలము లేక రోడ్డునెక్కినచో ఆ తప్పు వారిది గాదు, మనది. రాళ్లేరి చదునుచేసిన ఎకరము నేల, నీడకు నాలుగు చెట్లు, సాయంకాలము దగ్గరనుండి చూచుకొను ఒక పెద్ద — ఇవి మన పంచాయతీకి మించిన పనులు కావు. పిల్లలలో ఉత్సాహమున్నది. దానికి చోటు చూపుట మన వంతు.